ఫిరంగి గొట్టపు పొడవు - గుండు వేగము : ఆంధ్రతీర చరిత్రమునుండి కొన్ని నిదర్శనములు

ఆంధ్రదేశ చరిత్రమును వ్రాయువారు కోటముట్టడులను వర్ణించునపుడు ఫిరంగిని పేర్కొనక విడువరు. కాని ఆ ఫిరంగి ఎంత పొడవు గలది, దాని రంధ్రపు వ్యాసమెంత, దానిలో ఎంత మందు కూరెడివారు, దానినుండి వెలువడిన గుండు ఎంత వేగముతో పోయెడిది అను ప్రశ్నలు మన గ్రంథములయందు అరుదుగా కానవచ్చును. “పెద్ద ఫిరంగి” అని వ్రాసి మనము తృప్తి నొందుచున్నాము. పెద్దదనగా పొడవైనదా, లావైనదా, బరువైనదా అని విచారింపము. ఈ మూడును వేర్వేరు గుణములు. ఒకదానినుండి మరియొకదాని నూహించుట సరికాదు. అట్లూహించుటవలన జయాపజయముల కారణములు కూడ తారుమారగుచున్నవి.

గొట్టము పొడవైనకొలది గుండు వేగము హెచ్చునా? హెచ్చినచో ఏ మేరకు? ఈ ప్రశ్నకు భౌతికశాస్త్రము చెప్పు సమాధానమును ముందుంచుకొని, గోలకొండ, బొబ్బిలి, విశాఖపట్టణము మున్నగు చోట్ల జరిగిన ఘటనలను పునఃపరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. గొట్టపు మూతినుండి గుండు వెలువడు క్షణమందలి వేగమును ఇందు “నిర్గమవేగ” మని వ్యవహరింతును. రంధ్రవ్యాసమునకు గొట్టపు పొడవు ఎన్ని రెట్లో ఆ సంఖ్యను “పొడవు నిష్పత్తి” అందును. రెండు ఫిరంగులను పోల్చునపుడు అడుగులలో చెప్పిన పొడవుకన్న ఈ నిష్పత్తియే ఎక్కువ ఉపయోగకరము.

1. పదములు

మొదట మన భాషను విచారింతము. “ఫిరంగి” అనునది పారసీకమున ఐరోపావాసులను తెలుపు “ఫరంగీ” శబ్దమునుండి వచ్చినది. వస్తువును తెచ్చినవాని పేరే వస్తువునకు పేరైనది. “తుపాకి” తురుష్కభాషనుండి పారసీకము ద్వారమున దక్కనునకు దిగినది. “తోపు” కూడ తురుష్కపదమే. “తోపుఖానా” అను సమాసము దానినుండియే ఏర్పడినది. “శతఘ్ని” సంస్కృతపదము. రామాయణమందలి లంకావర్ణనమున ఈ పేరు కలదు. నూరుగురను చంపునది యని దాని వ్యుత్పత్తి. ప్రాచీన వ్యాఖ్యాతలు కొందరు దీనిని ఇనుపముండ్లు గల ఆయుధముగా చెప్పిరి. మందుతో పేలు యంత్రమునకు ఆ పేరు పెట్టుట అర్వాచీనుల వాడుక. కనుక “శతఘ్ని” యను పదము కనబడినంతమాత్రమున ప్రాచీనులకు ఫిరంగులుండెనని చెప్పుట యుక్తము కాదు.

ఇందొక విశేషము కలదు. యంత్రము పేరు పరభాషనుండి వచ్చినను, దాని భాగముల పేర్లు చాలవరకు తెలుగువే. గొట్టము, మూతి, గుండు, మందు, వత్తి, చెవి - వీనిలో ఏదియు పారసీకము కాదు. రాతిగుండు గుండైనట్లే ఇనుపగుండును గుండైనది. ఔషధమును చెప్పు “మందు” శబ్దమే తుపాకిమందునకును చెల్లినది. పేరును తెచ్చినవారు పరదేశీయులైనను, ఆ వస్తువును చేతబట్టి కూరి పేల్చినవారు తెలుగువారే యనుటకు ఈ పదములు సాక్ష్యము. పనివాండ్ర నోట పుట్టిన ఈ మాటలను చరిత్రకారుడు నిర్లక్ష్యము చేయరాదు.

2. వేగమును కొలిచిన మనుష్యుడు

గుండు వేగము 18వ శతాబ్దమువరకు సరిగా ఎవరికిని తెలియదు. కంటికి కనబడని దానిని కొలుచుటెట్లు? ఈ చిక్కును విప్పినవాడు బెంజమిన్ రాబిన్సు. ఇతడు ఇంగ్లండునందలి బాత్ పట్టణమున 1707లో జన్మించెను. 1742లో తుపాకిశాస్త్రపు నూతన సూత్రములను గూర్చి గ్రంథము ప్రకటించెను. అందు వర్ణితమైన సాధనము మిక్కిలి సులభమైనది. బరువైన కొయ్యదిమ్మను ఊయలవలె వ్రేలాడదీసి దానిపై తుపాకి పేల్చును. గుండు దిమ్మలో దిగబడగా దిమ్మ వెనుకకు ఊగును. ఎంత ఊగెనో దానికి కట్టిన నాడా తెలుపును. దిమ్మ బరువు, గుండు బరువు, ఊగిన మేర తెలిసినచో గుండు వేగమును గణింపవచ్చును. అంతవరకు ఊహగా నుండిన విషయము దీనితో కొలతకు లోబడినది. 1745లో గణితవేత్త ఆయిలరు ఈ గ్రంథమును జర్మను భాషలోనికి అనువదించెను. 1746లో రాయల్ సొసైటీ రాబిన్సునకు కోప్లీ పతకము నొసగెను.

ఈ రాబిన్సునకును మన తీరమునకును సంబంధము కలదు. ఈస్టిండియా కంపెనీవారు 1749లో ఇతనిని తమ కోటల నిర్మాణమునకు ప్రధాన శిల్పాధికారిగా నియమించిరి. 1750లో ఇతడు కోరమండల తీరమందలి సెయింటు డేవిడు కోటకు చేరెను. అచ్చటనే 1751 జూలై 29వ తేదీన జ్వరపీడితుడై మరణించెను. గుండు వేగమును మొదట కొలిచినవాడు కడపట ఈ తీరపు మట్టిలో కలిసెను. మరి ఆరేండ్లకు ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి ఫిరంగులు బొబ్బిలి కోటపై మ్రోగెను.

రాబిన్సు సిద్ధాంతపు సారము ఇది. మందు అంటుకొనినతోడనే వాయువుగా మారును. ఆ వాయువునకు మొదట వాతావరణపు ఒత్తిడికి సుమారు వేయిరెట్లు ఒత్తిడి యుండునని ఇతడు లెక్కించెను. గుండు ముందునకు జరిగినకొలది వాయువున కాక్రమించుటకు చోటు పెరుగును. చోటు పెరిగినకొలది ఒత్తిడి తగ్గును. గుండుపై వాయువు చేయు పని ఈ తగ్గుచుండు ఒత్తిళ్ల మొత్తము. కావున నిర్గమవేగపు వర్గము, మందు ఆక్రమించిన పొడవునకు గొట్టపు మొత్తపు పొడవు ఎన్ని రెట్లో ఆ సంఖ్య యొక్క సంవర్గమానమునకు అనుపాతముగా నుండును.

అతడే యిచ్చిన ఉదాహరణమును గ్రహింతము. గొట్టపు పొడవు 45 అంగుళములు, రంధ్రవ్యాసము ముప్పాతిక అంగుళము, మందు ఆక్రమించిన చోటు రెండు అంగుళముల ఐదెనిమిదవ వంతులు. సీసపు గుండునకు అతడు గణించిన నిర్గమవేగము సెకండునకు 1668 అడుగులు. ఇక ఈ సూత్రమునే అనుసరించి, మందును మార్పక, గొట్టపు పొడవును మాత్రము మార్చి లెక్కించినచో ఈ ఫలితములు వచ్చును. పొడవు 22½ అంగుళములైనచో వేగము సుమారు 1450 అడుగులు. 90 అంగుళములైనచో సుమారు 1860. 180 అంగుళములైనచో సుమారు 2035. అనగా గొట్టమును రెట్టింపు చేసినను వేగము పదునొకండు పండ్రెండు పాళ్లకన్న పెరుగదు. సగము చేసినను పదుమూడు పాళ్లు మాత్రమే తగ్గును. నాలుగు రెట్లు చేసినను ఐదవవంతునకు కొంచెమెక్కువ లాభము మాత్రమే కలుగును.

దీనికి కారణము ఒత్తిడి తగ్గుటయే. వేయి వాతావరణములతో బయలుదేరిన వాయువు 45 అంగుళముల గొట్టపు మూతియొద్ద 58 వాతావరణములకు దిగును. 90 అంగుళముల యొద్ద 29కి దిగును. మొదటి కొద్ది అంగుళములయందే బలములో పెద్దభాగము ఖర్చగును. తరువాతి అడుగులు గుండునకు స్వల్పముగా తోడ్పడును. రాబిన్సు లెక్కలో గొట్టపు రాపిడి, గుండు చుట్టునుండి జారిపోవు వాయువు, వాయువు చల్లబడుట పరిగణింపబడలేదు. వీనిని కూడ చేర్చినచో లాభము మరింత క్షీణించును. ఒక హద్దు దాటిన పిమ్మట పొడవు నష్టమే కాని లాభము కాదు.

రాబిన్సు చిన్న తుపాకులతో చేసిన పరీక్షలను చార్లెసు హట్టను 1780వ దశకమున వూలిచ్ నందు ఫిరంగులతో చేసెను. ఒకే రంధ్రము, వేర్వేరు పొడవులు గల నాలుగు ఫిరంగులను ఇతడు పరీక్షించెను. వేగము పొడవు యొక్క వర్గమూలమునకన్న తక్కువగను, ఘనమూలమునకన్న ఎక్కువగను పెరుగుచున్నదని కనుగొనెను. గుండు పోవు దూరము పొడవు యొక్క పంచమమూలమును మాత్రమే అనుసరించుచున్నదని తేల్చెను. అనగా గొట్టమును రెట్టింపు చేసినచో గుండు ఏడవవంతు మాత్రమే అధికదూరము పోవును. వేగము పెరుగగా గాలి అడ్డగింపు అంతకన్న త్వరితముగా పెరుగుటయే దీనికి హేతువు. ధ్వనివేగమునకు సమీపించినచోట ఈ అడ్డగింపు అకస్మాత్తుగా హెచ్చునని రాబిన్సే గుర్తించియుండెను.

3. దక్కను మహాఫిరంగులు

ఈ గణితమును మనస్సునందుంచుకొని దక్కనునందలి ప్రసిద్ధ ఫిరంగులను చూతము. బిజాపురమందలి మాలిక్-ఇ-మైదాన్ 1549లో అహమ్మదునగరమున పోతపోయబడినది. పోసినవాడు తురుష్కదేశమునుండి వచ్చిన మహమ్మదు రూమీ. పొడవు 14 అడుగుల 4 అంగుళములు. రంధ్రవ్యాసము 2 అడుగుల 4 అంగుళములు. బరువు సుమారు 55 టన్నులు. 1565లో రాక్షసి తంగడి యుద్ధమున ఇది విజయనగర సైన్యముపై ప్రయోగింపబడెనని ఐతిహ్యము. చూచువారికిది పొడవైనదిగా తోచును. కాని 172 అంగుళములను 28చే భాగించినచో పొడవు నిష్పత్తి 6 మాత్రమే వచ్చును. పొడవు నిష్పత్తినిబట్టి ఇది మిక్కిలి పొట్టి ఫిరంగి. దీనినుండి వెలువడు గుండునకు బరువు మెండు, వేగము స్వల్పము. కోటగోడను దూరమునుండి భేదించుటకుగాక, సమీపమునకు వచ్చిన సేనాసమూహముపై బరువైన గుండునో ముక్కలనో వెదజల్లుటకు తగిన యంత్రమిది.

దీని కంచుపోత పనితనము ఆశ్చర్యకరము. శిల్పదృష్టిచే ఇది మహాద్భుతమే. అయినను యుద్ధసాధనముగా దీని విలువను బరువునుబట్టి నిర్ణయింపరాదు. ఒకమారు పేల్చి మరల కూరుటకు పట్టు కాలమును, యుద్ధభూమికి ఈడ్చుటకు పట్టు శ్రమను లెక్కింపవలెను. 1520లో రాయచూరు యుద్ధమున ఆదిల్‌షా ఫిరంగులన్నియు ఒక్కసారిగా పేలినవనియు, అవి మరల సిద్ధము కాకమునుపే కృష్ణదేవరాయల సైన్యము తేరుకొని పైబడెననియు పోర్చుగీసు వర్తకుడైన న్యూనిజు వృత్తాంతమువలన తెలియుచున్నది. ఫిరంగులు సంఖ్యలో అధికమై యుండియు పరాజయము తప్పలేదు.

గోలకొండకోటలో నేటికిని మూసాబురుజుపై అజ్దహాపైకర్ అను ఫిరంగియు, పేట్లబురుజుపై ఫతేహ్‌రహబర్ అను ఫిరంగియు కలవు. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ఈ కోటను ముట్టడించెను. మొగలాయీల ఫిరంగులు గోడలను కూల్చజాలలేదు. కడపట ద్వారము తెరచినది లంచమే కాని గుండు కాదు. ముట్టడి ఫిరంగికిని మైదాన ఫిరంగికిని భేదమున్నదని ఈ ఘటన తెలుపును. రాతిగోడను భేదించుటకు అధిక నిర్గమవేగము కావలెను. అధిక నిర్గమవేగమునకు పొడవైన గొట్టముతోబాటు పెద్దమోతాదు మందును, ఆ మందుకు తాళు లోహమును కావలెను. మూడింటిలో ఏది కొరవడినను తక్కిన రెండును వ్యర్థములు.

4. బొబ్బిలి

1757 జనవరి 24వ తేదీన జరిగిన బొబ్బిలి యుద్ధము తెలుగు ప్రజల హృదయములయందు చెరగని గాథ. బొబ్బిలి కథను జంగములు పాడిరి, బుర్రకథకులు చెప్పిరి, నాటకకర్తలు వ్రాసిరి. ఫ్రెంచిసేనాని బుస్సీ విజయనగరపు విజయరామరాజుతో కలిసి వచ్చి కోటను ముట్టడించెను. ఫిరంగులను బురుజులపైకి గురిపెట్టి ఉదయమే యుద్ధము ప్రారంభించెను. రంగారావు నేలకొరిగెను. అంతఃపుర స్త్రీలును బిడ్డలును అగ్నికి ఆహుతియైరి. తాండ్ర పాపారాయుడు విజయరామరాజును శిబిరమందే సంహరించి పగ తీర్చుకొనెను.

ఈ కథ చెప్పునపుడు “ఫ్రెంచివారి ఫిరంగుల ముందు బొబ్బిలి వీరుల కత్తులేమి చేయగలవు” అను భావము సాధారణముగా వ్యక్తమగుచుండును. ఇందు సత్యాంశము లేకపోలేదు. కాని బుస్సీ తెచ్చినవి మైదాన ఫిరంగులు. రాతికోటలను కూల్చు ముట్టడి ఫిరంగులు కావు. ఎడ్లు ఈడ్వదగిన యంత్రములు తేలికగా నుండవలెను. తేలికగా నుండవలెనన్న పొట్టిగానైన నుండవలెను, సన్నముగానైన నుండవలెను. బొబ్బిలికోట గోడలు మట్టివి. మట్టిగోడ గుండును మ్రింగును. రాతిగోడవలె పగిలి కూలదు. సగము దినములో కోట పడుటకు ఫిరంగుల నిర్గమవేగమే ప్రధాన కారణమనుట ఈ హేతువులచే నిలువదు. ఫిరంగులు బురుజులమీది అడ్డుగోడలను చెదరగొట్టి, నిచ్చెనలతో ఎక్కువారికి దారి చేసినవి. తక్కిన పని సంఖ్యాబలము చేసినది. పొరుగు జమీందారుల వైరము చేసినది.

ఇట్లనుటవలన బొబ్బిలివారి శౌర్యము తగ్గదు, హెచ్చును. అజేయమైన యంత్రమునకు బలియైరనుటకన్న, ఎదిరింపదగిన శత్రువును తుదివరకు ఎదిరించి పడిరనుట వారికి న్యాయము చేయును. నేరము ఫిరంగిపై మోపినచో, దానిని పిలిపించిన చేతులు మరుగునపడును. యంత్రశక్తిని అతిశయోక్తిగా చెప్పు చరిత్ర మనుష్యుల బాధ్యతను తగ్గించి చెప్పును. కొలతలు నీరసములని తోచినను వానిని విడువరాదనుటకు ఇదియే కారణము.

పిమ్మట కొద్దికాలమునకే ఫ్రెంచివారే ఫిరంగుల పొడవును తగ్గించిరి. 1765లో గ్రిబోవాలు చేసిన సంస్కరణమువలన మైదాన ఫిరంగుల పొడవు నిష్పత్తి 18కి దిగినది. మందును మితము చేసినను, గుండునకును గొట్టమునకును మధ్యనుండు సందును తగ్గించి, పొడవు తగ్గినందున కలుగు వేగనష్టమును చాలవరకు పూరించిరి. తగ్గిన బరువు ఫిరంగికి చలనశక్తి నొసగినది. హైదరాబాదున నిజాము కొలువులో నుండి 1798లో మరణించిన రేమండు ఫిరంగుల కార్ఖానా నడపెను. నేటికిని ఆ ప్రాంతము గన్‌ఫౌండ్రీ యనియే పిలువబడుచున్నది.

5. విశాఖపట్టణపు రేవులో

పొడుగు ఫిరంగి, పొట్టి ఫిరంగి యను వివాదము సముద్రముపై మరింత తీవ్రముగా నడచినది. 1747లో రాబిన్సు ఆంగ్ల నౌకాబలమును పెంచుటకొక ప్రతిపాదనము ప్రకటించెను. అదే బరువుగల లోహముతో పొట్టిగా, లావుగా ఫిరంగిని పోసినచో పెద్దగుండును పంపవచ్చునని అతని వాదము. నౌకాయుద్ధము తరచుగా సమీపమునుండి జరుగును. కొయ్య నౌకను మితవేగముతో తాకిన పెద్దగుండు, అతివేగముతో దూసికొనిపోవు చిన్నగుండుకన్న ఎక్కువ చీలికలను కలిగించును. ఈ భావమునకు అనుగుణముగా స్కాట్లండునందలి కారన్ కార్ఖానాలో 1770వ దశకపు కడపటి భాగమున కారొనేడు అను పొట్టి ఫిరంగి పుట్టినది.

రెండింటిని పోల్చిచూతము. 32 పౌనుల గుండు గల పొడుగు ఫిరంగి 9½ అడుగుల పొడవు, సుమారు 2¾ టన్నుల బరువు గలది. పొడవు నిష్పత్తి సుమారు 18. అదే 32 పౌనుల కారొనేడు పొడవు 4 అడుగులు, బరువు టన్నునకు తక్కువ. పొడవు నిష్పత్తి 8కి లోపు. పొడుగు ఫిరంగిలో గుండు బరువున మూడవవంతు మందు కూరెడివారు. కారొనేడులో పండ్రెండవవంతు మాత్రమే. నిర్గమవేగము సుమారు సగమునకు దిగినది. ఈ తగ్గుదలలో గొట్టపు పొట్టితనముకన్న మందు తగ్గుటయే పెద్దకారణము. గొట్టము పలుచనై తేలికగుటచే ఎక్కువ మందును తాళజాలదు. పొడవు, మందు, బరువు - ఈ మూడు ఒకదానితో నొకటి పెనవేసికొనియున్నవి.

1804 సెప్టెంబరు 15వ తేదీన విశాఖపట్టణపు రేవులో ఈ విషయము పరీక్షకు వచ్చెను. సెంచూరియన్ అను 50 ఫిరంగుల ఆంగ్లనౌక రెండు వర్తకనౌకలకు తోడుగా లంగరు వేసియుండెను. వానిపేర్లు బార్నబీ, ప్రిన్సెస్ షార్లట్. ఫ్రెంచి నౌకాసేనాని లిన్వా మూడు యుద్ధనౌకలతో వచ్చిపడెను. అవి మరెంగో, అతలాంత్, సెమియాంత్. మరెంగో 74 ఫిరంగుల నౌక. ఆ తరగతి ఫ్రెంచినౌకలు క్రింది అంతస్తున 36 పౌనుల ఫిరంగులను మోసెడివి. 50 ఫిరంగుల ఆంగ్లనౌకల క్రింది అంతస్తున 24 పౌనులవి యుండెడివి. సెంచూరియన్ కెప్టెను జేమ్సు లిండు అప్పుడు ఒడ్డున నుండుటచే లెఫ్టినెంటు ఫిలిప్సు యుద్ధము నడపెను. బార్నబీ ఒడ్డుకెక్కి పగిలిపోయెను. ప్రిన్సెస్ షార్లట్ ఫ్రెంచివారికి చిక్కెను. సెంచూరియన్ లంగరుత్రాడు తెగి నౌక ఒడ్డు ఫిరంగుల రక్షణనుండి కొట్టుకొనిపోయెను. అయినను లొంగలేదు. మధ్యాహ్నము దాటినపిమ్మట లిన్వా ఒక్క వర్తకనౌకను మాత్రము తీసికొని వెడలిపోయెను.

గంటలకొలది పరస్పరము కాల్చుకొనిన ఈ యుద్ధమున ఇరుపక్షములయందును మృతులు అతిస్వల్పము. రెండవ దశలో నౌకలమధ్య దూరము మైలుకు సమీపించుటయే ఇందుకు ముఖ్యహేతువు. అంతదూరమున కారొనేడు నిష్ప్రయోజనము. పొడుగు ఫిరంగులే పలుకవలెను. ఆ పొడుగు ఫిరంగి గుండు కూడ సెకండునకు సుమారు 1600 అడుగుల వేగముతో బయలుదేరినను, గాలి అడ్డగింపుచే మైలుదూరము చేరునప్పటికి తన వేగములో పెద్దభాగమును కోల్పోవును. ఊగుచుండు నౌకనుండి గురి చూచుట మరింత కష్టము. నిర్గమవేగము మూతియొద్ద సంపాదించిన ధనము. దూరము దానిని వడ్డీతో వసూలు చేయును. లిన్వాకు ఫిరంగుల ఆధిక్యముండినను దానిని వినియోగించుటకు దగ్గరకు రాలేదు. తెలియని తీరపు మెరకలు, పాడైన నౌకను బాగుచేసికొనుటకు సమీపమున స్వకీయమైన రేవు లేకుండుట అతనిని జంకించినవి. అంతకు ఏడు మాసములకు పూర్వము పులో ఔరా యొద్ద వర్తకనౌకల సమూహమునకు వెరచి మరలిపోయినవాడు ఇతడే.

ఇచ్చట మరియొక సంబంధమును పేర్కొనవలెను. సెంచూరియన్ అను పేరుగల మునుపటి నౌకపైననే ఆన్సను 1740 మొదలు 1744 వరకు భూప్రదక్షిణము చేసెను. ఆ యాత్రావర్ణన గ్రంథము 1748లో వెలువడినది; దానిని తీర్చుటలో రాబిన్సు హస్తమున్నదని ప్రతీతి. విశాఖపట్టణపు రేవున పోరాడినది 1774లో జలప్రవేశము చేసిన వేరొక నౌక. పేరొకటే గాని నౌకలు రెండు. ఈ భేదమును పరిశోధకులు మరువరాదు.

6. మందు మారినది

రాబిన్సు సూత్రము నల్లమందునకు సరిపడునది. నల్లమందు క్షణములో మండును. కావున పొడవైన గొట్టము దానికి అనవసరము. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున మందే మారినది. మొదట పెద్దపలుకులుగా నొత్తిన మందు, పిమ్మట 1884లో ఫ్రాన్సున వియేయ్ కనిపెట్టిన పొగలేని మందు, 1889లో ఇంగ్లండున కార్డైటు వచ్చినవి. ఇవి మెల్లగా మండును. గుండు కదలుచుండగనే క్రొత్తవాయువు పుట్టుచుండును. ఒత్తిడి అకస్మాత్తుగా ఎగసి పడిపోక నిలిచియుండును. ఇట్టి మందునకు పొడవైన గొట్టము నిజముగా లాభకరము. ఉక్కు పోతలో వచ్చిన ప్రగతి, గుండును త్రిప్పుటకు గొట్టములోపల తీసిన మరగాడులు, గుండును బిగువుగా పట్టు రాగిపట్టె దీనికి తోడైనవి. పొడవు నిష్పత్తి 18నుండి 40కి, 50కి పెరిగినది. పొడవు తనంతతాను శక్తి కాదు. మందు శక్తిని వినియోగించు అవకాశము మాత్రమే.

1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి జర్మను నౌక ఎండెన్ మద్రాసు రేవుపై సుమారు 125 గుండ్లు ప్రయోగించి, బర్మా ఆయిల్ కంపెనీ చమురు తొట్లను దగ్ధము చేసెను. దాని ఫిరంగుల రంధ్రవ్యాసము 10½ సెంటీమీటర్లు. పొడవు నిష్పత్తి 40, అనగా గొట్టము 4 మీటర్లకు పైబడినది. నిర్గమవేగము సెకండునకు సుమారు 690 మీటర్లు, అనగా సుమారు 2260 అడుగులు. రాబిన్సునాటి తుపాకి గుండుకన్న నూటికి 35 పాళ్లు అధికము. అదియు 38 పౌనుల గుండునకు.

అదే సంవత్సరము నవంబరు 9వ తేదీన కోకోసు ద్వీపములయొద్ద ఆస్ట్రేలియా నౌక సిడ్నీ ఎండెనును ధ్వంసము చేసెను. సిడ్నీ ఫిరంగులు 6 అంగుళములవి. పొడవు నిష్పత్తి 50, గొట్టము 25 అడుగులు. గుండు బరువు 100 పౌనులు, నిర్గమవేగము సుమారు 2900 అడుగులు. అయినను మొదట గురి తాకించినది ఎండెనే. ఫిరంగిని ఎక్కువ కోణమున ఎత్తుటకు దాని పీఠము వీలిచ్చుటయే కారణము. వేగమొక్కటియే దూరమును నిర్ణయింపదు. ఎత్తిన కోణమును, గుండు ఆకారమును, పేల్చువాని నైపుణ్యమును లెక్కకు రావలెను. కాని ప్రారంభపు ఆశ్చర్యము తీరినపిమ్మట బరువును వేగమును గల గుండ్లే ఎండెనును ముగించినవి.

పొడవునకు పరాకాష్ఠ 1918లో జర్మనులు ప్యారిసు నగరముపై ప్రయోగించిన ఫిరంగి. గొట్టపు పొడవు సుమారు 34 మీటర్లు. నిర్గమవేగము సెకండునకు 1600 మీటర్లకు పైన. గుండు 120 కిలోమీటర్లు పోయినది. గొట్టము తన బరువునకు తానే వంగకుండ పైన తీగెలతో కట్టవలసివచ్చినది. ప్రతి పేలుటకును లోపలి లోహము అరిగి రంధ్రము పెరుగుటచే, గుండ్లను క్రమముగా లావు చేసి సంఖ్యలు వేసి వాడిరి. అరువదిపైచిలుకు పేలుళ్లతో గొట్టమునకు ఆయువు తీరెడిది. మూల్యమునకు తగిన ఫలము కలుగలేదు.

నేడు తూర్పు నౌకాదళమునకు కేంద్రమైన విశాఖపట్టణమున భారత నౌకాదళపు అనేక నౌకలపై కనబడు 76 మిల్లీమీటర్ల ఫిరంగికి పొడవు నిష్పత్తి 62, గొట్టము 4.7 మీటర్లు, నిర్గమవేగము 900 మీటర్లకు పైన. 1804లో ఇదే రేవున మ్రోగిన ఫిరంగులతో పోల్చినచో రంధ్రము సుమారు సగమే. వేగము రెట్టింపునకు సమీపము. రెండు శతాబ్దముల రసాయనశాస్త్రమును ఉక్కుపోతయు ఈ భేదమందు ఇమిడియున్నవి.

7. పరిశోధకులకు ఒక పని

పై విచారమువలన తేలు విషయములు మూడు. మొదటిది: నల్లమందు కాలమున గొట్టపు పొడవు పెరిగినకొలది వేగము పెరిగినను, ఆ పెరుగుదల శీఘ్రముగా క్షీణించును. కావున ప్రాచీన ఫిరంగి పొడవునుబట్టి దాని శక్తిని కొనియాడుట సరికాదు. రెండవది: మెల్లగా మండు మందు వచ్చినపిమ్మటనే పొడవు సార్థకమైనది. 18వ శతాబ్దపు యుద్ధములను 20వ శతాబ్దపు ఫిరంగిభావముతో చదువరాదు. మూడవది: బొబ్బిలియందును, గోలకొండయందును, విశాఖపట్టణమందును జయాపజయములను నిర్ణయించినది నిర్గమవేగము కాదు, మనుష్యుల వైరము, లోభము, జంకు. యంత్రమును సరిగా కొలిచినపుడే మనుష్యుని పాత్ర స్పష్టపడును.

ఆంధ్ర తెలంగాణములయందలి కోటలలోను, పూర్వ జమీందారుల గృహప్రాంగణములలోను ఎన్నో పాత ఫిరంగులు ఎండకు వానకు పడియున్నవి. కొన్నిటికి సున్నము పూసిరి, కొన్నిటిని సిమెంటు దిమ్మలలో పాతిరి. వానిని గూర్చి వ్రాయదలచిన విద్యార్థి మొదట నాలుగు కొలతలు తీయవలెను. మూతియొద్ద రంధ్రవ్యాసము, గొట్టపు లోపలి పొడవు, మూతినుండి చెవి వరకు దూరము, మూతియొద్దను చెవియొద్దను లోహపు మందము. మొదటి రెండింటివలన పొడవు నిష్పత్తి తెలియును. మూడవదానివలన మందుగది యెచ్చట ముగియునో తెలియును. నాలుగవదానివలన ఆ ఫిరంగి ఎంత మందును తాళగలదో ఊహింపవచ్చును. దానిపై లేఖనమున్నచో అచ్చుతీసి చదువవలెను; సామాన్యముగా పోతపోసినవాని పేరు, సంవత్సరము, గుండు బరువు, మందు బరువు దానిపై నుండును.

ఈ పనికి కొలబద్దయు, దారమును, ఓపికయు చాలును. శాసనములను సేకరించినట్లు, తాటాకు గ్రంథములను సేకరించినట్లు, ఈ కొలతలను కూడ సేకరించి ఒక పట్టికగా ప్రకటించినచో దక్కను యుద్ధచరిత్రము గాథలనుండి విడివడి గట్టినేలపై నిలుచును. గొట్టము, గుండు, మందు, వత్తి యని పేర్లు పెట్టిన తెలుగు పనివాండ్ర వృత్తాంతము కూడ అప్పుడే బయటపడును.